జోడీ పరీక్ష

"అడిగేది నిన్నే. పరీక్ష కావాలనే తప్పావా, లేదా?"

కటింగ్ మాస్టరు ఈ ప్రశ్న నిన్న సాయంత్రం నుంచి అడుగుతూనే ఉన్నాడు. ఇంగ్లీషు క్లాసు నుంచి వస్తూ దారిలో అడిగాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అడిగాడు. పొద్దున్నే లేచి ముఖమైనా కడుక్కోకుండా మళ్లీ అదే అడిగాడు. ఆయన భార్య సింకు దగ్గర నిలబడి, ఎప్పుడో తెల్లబడ్డ గిన్నెని ఇంకా తోముతూనే ఉంది.

"ఆ గిన్నెకి చిల్లు పడుతుంది. జవాబు చెప్పు."

"టీచరమ్మ చెప్పారుగా. మళ్లీ నన్నెందుకు అడగడం?"

"ఆవిడ నోట విన్నాను. నీ నోట వినాలి."

"విని ఏం చేస్తారు?"

విన్నాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకే తెలియదు, పాపం. అయినా వినాలనే పట్టుదల. మనుషులకి అదో జబ్బు.

నిన్న జరిగింది చిన్న విషయమేమీ కాదు. ఇంగ్లీషు క్లాసు టీచరమ్మకి పన్ను నొప్పి వచ్చింది. బుగ్గ వాచిపోయి పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. మాస్టరు భార్య ఆయాగా పనిచేసేది ఆ డాక్టరు దగ్గరే. టీచరమ్మ తన వంతు కోసం మూలన కుర్చీలో కూర్చుని చూస్తే ఏముంది! ముందు టేబుల్ దగ్గర మనిషి లేదు. ఆయాయే ఫోన్లెత్తుతోంది. తెలుగు ముక్క రాని పేషెంట్లకి మందులెలా వేసుకోవాలో ఇంగ్లీషులో గలగలా చెబుతోంది. పన్ను పీకుతారని ఏడుస్తున్న ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, ఆయన్ని నవ్వించి మరీ లోపలికి పంపింది. టీచరమ్మ తన నొప్పి మర్చిపోయి నోరు వెళ్లబెట్టింది.

ఎందుకంటే తన క్లాసులో ఈ మనిషే రెండో లెవెల్ ఇంగ్లీషు పరీక్షలో రెండుసార్లు మూగదానిలా కూర్చుని తప్పింది మరి.

సాయంత్రం క్లాసు వదిలాక గేటు దగ్గర టీచరమ్మ మాస్టరుని ఆపి, బుగ్గ పట్టుకునే చెప్పేసింది. "మాస్టరు గారూ, మీ ఆవిడ కావాలనే తప్పుతున్నారు. మిమ్మల్ని వదిలి పై లెవెల్‌కి వెళ్లడం ఇష్టం లేక. డాక్టరు గారు ముందు టేబుల్ ఉద్యోగం ఈవిడకే ఇస్తానన్నారట. రెండో లెవెల్ కాయితం రేపటిలోగా చూపించాలట. ఈవిడ ఆ మాటే మీకు చెప్పలేదట. రేపు సాయంత్రం ఈవిడ ఒక్కరి కోసం పరీక్ష పెడుతున్నాను. తీసుకురండి."

మాస్టరుకి తల కొట్టేసినట్టయింది. కత్తెర పట్టుకుంటే బట్ట ఎంత మందంగా పేర్చినా చెయ్యి వణకని మనిషి, గేటు గడియ తీయడానికి తడుముకున్నాడు.

"సరే, నేనే చెబుతాను," అన్నాడు ఇప్పుడు, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "నా మీద జాలిపడ్డావు. అంతేనా?"

"జాలి కాదు."

"మరేంటి?"

"మొదటిసారి పరీక్షలో కార్డు మీద అడిగినదానికి మీరేం చెప్పలేకపోయారు. మీ చొక్కా అంతా తడిసిపోయింది. నేను ఎదురుగానే ఉన్నాను కదా. నా వంతు వచ్చింది. చెప్పాలనే అనుకున్నానండీ. నోరు రాలేదు."

"రెండోసారి?"

ఆవిడ కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడు మధ్య జవాబు ఎగ్గొట్టవచ్చని కాబోలు. మాస్టరు లేచి కుళాయి కట్టేశాడు.

"రెండోసారి?"

"రెండోసారికి మీరు అందరికీ చెప్పేసి ఉన్నారు కదా," అంది ఆవిడ, గిన్నెలోకి చూస్తూ.

ఆ మాటతో మాస్టరు చల్లబడిపోయాడు.

చెప్పాడు, నిజమే. ఒకరికా ఇద్దరికా! అసలు క్లాసులో చేరాలన్న సరదా ఆయనది. గార్మెంటు ఫ్యాక్టరీలో ఆర్డరు కాయితాలన్నీ ఇంగ్లీషులో వస్తాయి. ప్రతి కాయితానికీ పక్క మనిషిని బతిమాలాలి. ఈ వయసులో ఒక్కడే పోయి బడి బెంచీ మీద కూర్చోవడానికి సిగ్గేసి, తోడుకి భార్యని లాక్కుపోయాడు. మొదటి లెవెల్ ఇద్దరూ దాటారు. రెండోది తప్పారు. తప్పానని చెప్పుకోవడానికి ఆయనకి నోరు రాలేదు. బావగారింట్లో అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు, "నేను పాసయ్యానండీ, మా ఆవిడకే బుర్రకెక్కడం లేదు. దాన్నొక్కదాన్నే వదిలి పైకి పోలేక నేనూ వెనకే కూర్చున్నాను," అని కోతలు కోసేశాడు. అందరూ నవ్వారు. భార్యని ఇంతలా చూసుకునేవాడు ఎక్కడుంటాడని మెచ్చుకున్నారు కూడా. అక్కడే వడ్డిస్తున్న ఆవిడా నవ్వింది.

ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే మాస్టరుకి చెవులు కాలిపోతున్నాయి. తను తప్పిన సంగతి ఆవిడకి తెలుసని ఆయనకి అప్పుడూ తెలుసు. కడుపులో దాచుకుంటుందిలే అని ధీమా. కానీ ఆవిడ పాసవగలిగీ తప్పిందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. బుర్రలేనిదని నలుగురిలో నవ్వులపాలు చేసింది ఎవరినో ఇప్పుడు తెలిసింది.

"సాయంత్రం నేను వెళ్లనులెండి," అంది ఆవిడ మెల్లగా. "నాకా ఉద్యోగం వద్దు. ఆయా పనికేం, బాగానే ఉంది. టీచరమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోన్ చేసేస్తాను."

అమ్మయ్య అనిపించింది మాస్టరుకి.

నిజంగానే అనిపించింది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది. సరే అంటే సరిపోతుంది, అంతా ఎప్పటిలాగే ఉండిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మరుక్షణం తన మీద తనకే ఛీ అనిపించింది. నిన్నటి నుంచి పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఈ ఒక్క క్షణం సిగ్గు ఒక ఎత్తు.

ఏదో అనబోయేలోగా తలుపు తోసుకుని అక్కగారు వచ్చింది. పక్క వీధిలో, ఈ ఇంటి వెనక గోడకి ఆనుకునే ఉంటుంది మాస్టరు అక్క. చేతిలో మొన్నెప్పుడో పట్టుకెళ్లిన కుక్కరు. దాన్ని తిరిగివ్వడం వంక మాత్రమే. గోడ అవతల నుంచి గొంతులు వినపడితే ఆవిడ కాళ్లు ఆగవు.

"ఏంట్రా తమ్ముడూ, పొద్దున్నే ఈ అరుపులు? మళ్లీ తప్పిందా ఏంటి మా మరదలు?"

మాస్టరు భార్య మళ్లీ గిన్నె వైపు తిరిగింది. అక్కగారికి అది అవునన్నట్టే.

"పోనీలేరా. అందరికీ ఒకేలా పట్టుబడుతుందా చదువు! కానీ ఎన్నాళ్లని నువ్విలా ఆగుతావు? మీ బావగారు కూడా అంటున్నారు, వీడెప్పుడో పై లెవెల్‌కి పోవాల్సినవాడు, పెళ్లాం కోసం ఇక్కడే పడున్నాడూ అని." ఆవిడ కుక్కరు గట్టు మీద పెట్టి మరదలి వైపు తిరిగింది. "ఏమమ్మాయ్, ఇంట్లో కూర్చుని కాస్త చదువుకోకూడదూ? నీ వల్ల వాడూ పాడవుతున్నాడు."

"అవును వదినా," అంది ఆవిడ తల వంచుకుని. "నాకు రావట్లేదు."

మాస్టరు స్టూలు మీద నుంచి దిగ్గున లేచాడు.

తెలిశాక కూడా! అంతా తన ముందే బయటపడ్డాక కూడా, అడిగిందే తడవుగా మళ్లీ కప్పేసింది. కొంగు సర్దుకున్నంత తేలిగ్గా అనేసింది. ఎన్నిసార్లు అనకపోతే ఆ మాట నోటికి అంత అలవాటవుతుంది?

"అక్కా, తప్పింది తను కాదు. నేను."

"ఏంటీ?"

"పరీక్ష తప్పింది నేను. రెండుసార్లూ నేనే. దీని కోసం ఆగానన్నది ఒట్టి అబద్ధం. తనకి ఇంగ్లీషు నాకంటే పదింతలు వచ్చు. నేను తప్పానని తనూ కావాలని తప్పింది."

అక్కగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నోరు అంతసేపు మూతపడి ఉండడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"మీ బావ ముందు అంతలా కోశావు కదరా!" అంది చివరికి. "ఆయన ఆఫీసులో అందరికీ చెప్పుకున్నారు కూడాను, మా బావమరిది త్యాగం చూడండీ అని. ఇప్పుడాయన ముఖం ఏం కావాలి?"

"ఆయన ముఖం సంగతి తర్వాత చూద్దాం అక్కా. ముందు నా ముఖమే బాగోలేదు."

"నువ్వైనా చెప్పొద్దూ?" అని మరదలి మీద పడింది అక్కగారు. "నోట్లో నాలుక లేదా? నేను వచ్చినప్పుడల్లా నీకు హితవు చెప్పి పోతూంటే, నంగనాచిలా వింటూ నిలబడ్డావే!"

"ఏం చెప్పమంటారు వదినా? మీ తమ్ముడు అబద్ధాలకోరని చెప్పనా?"

ఆవిడ గొంతు పెంచలేదు. కోపంగానూ అనలేదు. అయినా అక్కగారు ఒక అడుగు వెనక్కి వేసింది. గుమ్మం దాటుతూ, "నేనెవరికీ చెప్పన్లే," అని హామీ ఇచ్చింది. అంటే మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా తెలుస్తుందన్నమాట.

తలుపు మూసుకున్నాక మాస్టరు భార్య కుక్కరు మూత తీసి చూసింది. అడుగున మాడు అలాగే ఉంది. దాన్నీ తోమడం మొదలుపెట్టింది.

"ఎందుకలా చెప్పారు వదినకి?"

"నిజమే కదా."

"నిజమైతే మాత్రం! ఇకనుంచి మిమ్మల్ని ఎన్ని మాటలంటారో తెలుసా?"

"నిన్ను అన్నప్పుడు నువ్వు పడలేదా?"

ఆవిడ కుక్కరు కడిగి గట్టు మీద బోర్లించింది.

"సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చేస్తాను," అన్నాడు మాస్టరు. "తయారుగా ఉండు."

"మీరెందుకు? పరీక్ష నాకొక్కదానికే కదా."

"జోడీ ఉండాలిగా."

ఆ క్లాసు పద్ధతి అదే. మాట్లాడే పరీక్ష ఎప్పుడూ ఇద్దరికి కలిపి పెడతారు. ఒకరు కార్డు చూసి ప్రశ్న అడగాలి, రెండోవారు జవాబు చెప్పాలి. టీచరమ్మ పక్కన కూర్చుని వింటూ మార్కులు వేస్తుంది. జోడీలు మొదటి రోజే కుదిరిపోతాయి. మొగుడూ పెళ్లాలు కలిసి చేరితే ఇంకెవరితో కుదురుస్తారు!

సాయంత్రం బడి ఖాళీగా ఉంది. పగలు చిన్న పిల్లలు చదువుకునే గదిలోనే పెద్దవాళ్ల క్లాసు. బెంచీలు మోకాళ్ల ఎత్తు కూడా ఉండవు. గోడ నిండా ఏనుగు, ఒంటె, పడవ బొమ్మలు. ఇన్ని రోజులూ ఆ బొమ్మల కింద కూర్చున్నా మాస్టరుకి ఇవాళే అవి తనని చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

టీచరమ్మ బుగ్గ ఇంకా వాచే ఉంది. మాట తక్కువగా, సైగలు ఎక్కువగా సాగుతోంది.

"టీచరమ్మా, నా బదులు ఇంకెవరినైనా కూర్చోబెట్టండి," అన్నాడు మాస్టరు, భార్య వినకుండా గొంతు తగ్గించి. "ఎదురుగా నేనుంటే తను నోరు విప్పదు."

"ఇవాళ ఎవరూ రారు కదండీ. అదే లెవెల్ మనిషి ఎదురుగా ఉండాలని రూలు. మీరు కార్డు మీద ఉన్నది చదివితే చాలు." టీచరమ్మ మెత్తగానే అంది. "మీకు ఇవాళ మార్కులు ఉండవు."

ఆ మెత్తదనానికి మాస్టరు కుంచించుకుపోయాడు. తిట్టినా బాగుండేది.

మూడు కుర్చీలు వేశారు. మాస్టరు చేతికి కార్డులిచ్చారు. మొదటి కార్డు చదివాడు. ఏం పని చేస్తారని. కూడబలుక్కుని చదవడానికే చెమటలు పట్టాయి. ఆవిడ జవాబిచ్చింది. చిన్న చిన్న ముక్కలు, ఒక్కో ముక్కకీ ఆగి ఆగి. రెండో కార్డు చదివాడు. రోజూ ఎన్నింటికి లేస్తారు, ఏం చేస్తారని. మళ్లీ అలాగే. టీచరమ్మ కలం కాయితం మీద అయిష్టంగా కదులుతోంది.

మాస్టరుకి అప్పుడర్థమైంది. ఆవిడ జవాబులు చెప్పడం లేదు. ఆయన ఎలా చెబుతాడో అలా చెబుతోంది. ఆయన ఎక్కడ తడబడతాడో అక్కడే తడబడుతోంది. ఆయన అడుగు పొడవెంతో కొలిచి, దాటకుండా నడుస్తోంది. ఇన్నాళ్లూ చేసింది ఇదే.

మూడో కార్డు పొడుగ్గా ఉంది. ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాక మీ ఇంట్లో ఏం మారిందో చెప్పండి అని దాని సారాంశం. మాస్టరుకి సగమే తెలిసింది. ఎలాగో చివరిదాకా చదివాడు.

ఆవిడ ఆయన వైపు చూసింది. చూసి పెదాలు బిగించింది. అదే మౌనం. రెండుసార్లూ పరీక్షలో దిగబడిపోయింది ఈ మౌనంలోనే. తెలియక ఆగిపోయిందనుకుని, ఆ రెండుసార్లూ ఇంటికెళ్లే దారిలో ఆయన ఆవిడ భుజం తట్టి, "పోనీలే, వస్తుందిలే మెల్లగా," అని ఓదార్చాడు కూడా! ఓదార్చాడట! తలుచుకుంటే నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

టీచరమ్మ గడియారం చూసింది.

"నా ముఖం చూడకు," అన్నాడు మాస్టరు, తెలుగులో. "టీచరమ్మ ముఖం చూసి చెప్పు."

పరీక్షలో తెలుగు మాట్లాడకూడదు. టీచరమ్మ కలం ఎత్తి, మళ్లీ దించేసింది. భార్య ఇంకా ఆయన్నే చూస్తోంది. మాస్టరు లేచాడు. కుర్చీని చరచరా ఈడ్చి కిటికీ వైపు తిప్పేసుకుని, ఇద్దరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. శిక్ష పడ్డ పిల్లాడిలా ఉన్నానని తెలుసు. అయినా తిరగలేదు.

వెనక కుర్చీ కిర్రుమంది. ఆవిడ మొదలుపెట్టింది.

ఆ గొంతు మాస్టరు ఎప్పుడూ వినలేదు. తడబాటు లేదు, మధ్యలో "మీరెలా అంటే అలా" లేదు. గుక్క తిప్పుకోవడానికి తప్ప ఆగడం లేదు. ఆయన చెవులు రిక్కించాడు. హస్బెండ్ అన్న మాట దొరికింది. సిస్టర్ దొరికింది. ఎవ్రీబడీ దొరికింది. లాఫ్ దొరికింది. సరే, భోజనాల దగ్గర జరిగిన కథ చెబుతోంది, చెప్పనీ, చెప్పాల్సిందే అనుకున్నాడు. చెంపలు మండుతున్నా కదల్లేదు.

కానీ ఆవిడ అక్కడ ఆపలేదు. ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. గొంతు తగ్గింది. మాటలు మెత్తబడ్డాయి. మాస్టరుకి ఒక్క ముక్క అందలేదు. మై హస్బెండ్ మాత్రం మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. ఒకచోట ఆవిడ చిన్నగా నవ్వింది. ఒకచోట గొంతు జీరబోయింది. ఎక్కడ నవ్విందో, ఎక్కడ ఏడ్చిందో, దేనికో ఆయనకి తెలియదు. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి, తన గురించి, తన వెనకే కూర్చుని చెబుతూంటే, పరాయివాడిలా వింటున్నాడు.

మాటలు ఆగాయి. మాస్టరు వెనక్కి తిరిగేసరికి టీచరమ్మ కలం బల్ల మీద పెట్టేసి ఉంది. టీచరమ్మ కళ్లు మాస్టరు వైపు వచ్చి, నిలవలేక పక్కకి తప్పుకున్నాయి.

"పాస్," అంది టీచరమ్మ. "ఎప్పుడో పాస్."

కాయితం రాసి, ముద్రవేసి ఇచ్చింది. మాస్టరు భార్య దాన్ని రెండు చేతులతో అందుకుంది. మాస్టరు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం వెనకబడ్డాడు.

"టీచరమ్మా, ఏం చెప్పింది నా గురించి?"

"అది నేను చెప్పేది కాదండీ. ఆవిడనే అడగండి." టీచరమ్మ బుగ్గ పట్టుకుంది. ఈసారి నొప్పికి కాదని మాస్టరుకి అనుమానమేసింది. "వచ్చే వారం నుంచి మీకు మన క్లాసులోని బేకరీ ఆయన జోడీ."

రోడ్డు మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. పళ్ల డాక్టరు క్లినిక్కు రోడ్డుకి అవతలి వైపే. ఇంకా తెరిచే ఉంది. ఇద్దరూ బండ్లు ఆగేదాకా ఇవతలే నిలబడ్డారు.

"ఏం చెప్పావు?" అన్నాడు మాస్టరు.

"పాసయ్యాను కదండీ. ఇంకెందుకూ?"

"అందరూ నవ్వారన్నావు. అక్కడిదాకా అర్థమైంది."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "అర్థమైందా?"

"అయింది. దానికి నేనేమీ అనను. అనే ముఖమూ లేదు నాకు. ఆ తర్వాత చెప్పావే, అదేంటి? తిట్టావా?"

"తిట్టడానికి అంతసేపు పడుతుందా?"

"మరి పొగిడావా?"

"పొగడ్డానికి మాత్రం పడుతుందా?"

మాస్టరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. నడిరోడ్డు పక్కన అలా పట్టుకోవడం ఇదే మొదటిసారి.

"ఎంతైనా పై మనిషి కదా ఆ టీచరమ్మ. ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేవా? తెలుగులో చెప్పు. ఎంత మాటైనా పడతాను."

బండ్లు ఆగాయి. ఆవిడ ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకుంది. కోపంతో కాదు. కళ్లనిండా నీళ్లున్నాయి.

"తెలుగులో చెప్పగలిగితే, ఇన్నేళ్లూ మీ పక్కన నోరు మూసుకుని ఎందుకుంటానండీ?"

అని, కాయితం పట్టుకుని ఒక్కతే రోడ్డు దాటేసింది. మాస్టరు ఇవతలే ఉండిపోయాడు.